చెప్పకుండా లేపి లాడ్జిలో ప్రసంగించమన్నారు: నా అనుభవం

నిన్న సాయంత్రం మా మేసనిక్ లాడ్జి, అంటే ఫ్రీమేసన్రీ అనే సోదర సంఘపు స్థానిక శాఖ, నెలవారీ సమావేశంలో, సమన్స్ అనే సమావేశపు పిలుపు పత్రంలో నా పేరు ఎక్కడా లేకపోయినా, నిండు సభలో నన్ను లేపి పది నిమిషాలు ప్రసంగించమన్నారు. ప్రసంగం బాగానే ముగిసింది, వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు కూడా. అయినా మొదటి రెండు మూడు నిమిషాల్లో నేను పడిన అవమానం మాత్రం ఇంకా చల్లారలేదు. అది చల్లారకముందే రాసిపెడితే, రేపు ఇలాగే నిలబడాల్సివచ్చే తమ్ముడెవరికైనా పనికివస్తుందని రాస్తున్నాను. లాడ్జి లోపలి క్రతువు గుట్టు ఇందులో ఏమీ లేదు. ఒక మనిషిని ముందు చెప్పకుండా లేపితే ఏం జరుగుతుందన్నదే ఇందులో విషయం.

లాడ్జిలో చేరడం నాకు కష్టం కాలేదు. ఒకరు ప్రతిపాదించారు, ఒకరు బలపరిచారు, కమిటీ ఇంటర్వ్యూ చేసింది, తెల్లగోళీ నల్లగోళీ పెట్టెలో రహస్య ఓటింగు అయింది, ప్రవేశం దొరికింది. తర్వాత మూడు డిగ్రీలూ, అంటే సభ్యత్వంలోని మూడు మెట్లూ, వరసగా పూర్తయ్యాయి. డిగ్రీకీ డిగ్రీకీ మధ్య అడిగే ప్రశ్నలకు జవాబులు కంఠస్థం చేయాలి, చేశాను. స్టీవార్డుగా వడ్డించాను, ఇన్నర్ గార్డుగా తలుపు దగ్గర నిలబడ్డాను, ఇప్పుడు జూనియర్ డీకన్ అనే పదవిలో ఉన్నాను. వీటన్నిటి గురించీ ఇంతకంటే చెప్పవలసింది లేదు.

చెప్పవలసిందల్లా కంఠస్థం గురించే. మా క్రతువంతా ఇంగ్లీషులో, మాటకు మాట తప్పకుండా, కాగితం చూడకుండా అప్పజెప్పవలసినది. పావుగంట సాగే ఉపదేశాన్ని ఒక్క అక్షరం జారకుండా చెప్పగల సోదరులు మా లాడ్జిలో ఉన్నారు, వారంటే నాకు గౌరవం. కాని ఏళ్ల తరబడి ఎవరో రాసిపెట్టిన మాటలను నోటికి పట్టించుకున్నవాడికి, ఒక్కసారిగా నీ సొంత మాట చెప్పమంటే నోరు కదలదు. బయట బ్యాంకులోనో కాలేజీలోనో రోజంతా మాట్లాడే మనుషులు సైతం తెల్ల గ్లౌజులు తొడిగి, ఏప్రన్ కట్టుకుని, లాడ్జిలో లేచి నిలబడగానే బిగుసుకుపోవడం నేను చాలాసార్లు చూశాను. లాడ్జి మర్యాదలన్నీ మౌనాన్ని నేర్పేవే. లాడ్జి అధ్యక్షుడైన మాస్టర్ అనుమతి లేనిదే లేవకూడదు, మధ్యలో పక్కవారితో మాట్లాడకూడదు, మతం గురించీ రాజకీయం గురించీ వాదం పెట్టకూడదు, ఫోను బయటే కట్టేసి రావాలి. ఇవన్నీ మంచి నియమాలే. అయితే ఇన్ని కట్టుబాట్ల మధ్య నిలబడ్డవాడిని ఆశువుగా మాట్లాడమనేవారికి ఆ కష్టం తెలిసి ఉండాలి.

నిన్న కొత్త అభ్యర్థి ఎవరూ లేరు. మన దేశంలో ఫ్రీమేసన్రీ చరిత్ర మీద మరో ఊరి నుంచి వచ్చే సోదరుడి ప్రసంగం ఒక్కటే కార్యక్రమంలో ఉంది. మినిట్స్ చదవడం, కరస్పాండెన్స్ చదవడం అయ్యాక సెక్రటరీ లేచి, ఆయన రాలేకపోతున్నట్టు కబురు వచ్చిందని చెప్పారు. లాడ్జిని అప్పుడే మూసి విందుకు వెళ్లినా తప్పుపట్టేవారు లేరు. అప్పుడు మాస్టర్ ఎడమపక్కన కూర్చునే ఐపీఎం, అంటే నిరుటి మాస్టర్, ఆయన చెవిలో ఏదో చెప్పారు. క్రతువులో మాట తడబడితే అందించడానికి ఐపీఎంను అక్కడ కూర్చోబెడతారు. నిన్న ఆయన అందించినది నా పేరు. మా మాస్టర్ ఈ ఏడాదే ఆసనం ఎక్కినవారు, మెత్తని మనిషి, పెద్దవారి మాట కాదనలేరు. “బ్రదర్ జూనియర్ డీకన్, ఓ పది నిమిషాలు మీరు మాట్లాడండి” అన్నారు. ఏ విషయం మీదో చెప్పలేదు. ఐపీఎం మాత్రం అందరికీ వినబడేలా, “మా జూనియర్ డీకన్‌గారికి మాటలు బాగా వచ్చు, కమిటీలో చూశాం కదా” అన్నారు.

ఆ మాట వెనకున్న కథ చెప్పకపోతే సంగతి అర్థం కాదు. ఇన్‌స్టలేషన్, అంటే కొత్త మాస్టర్ ఆసనం ఎక్కే రోజు, ఇచ్చే విందు ఖర్చు తగ్గించి, ఆ డబ్బును ఆల్మనర్ నిధికి, అంటే కష్టంలో ఉన్న సోదరుల కుటుంబాలకు ఇచ్చే నిధికి మళ్లించాలని నేను కమిటీలో గట్టిగా పట్టుబట్టాను. ఆ విందును ఏర్పాటు చేసింది ఈ పెద్దమనిషే. ఆనాటి నా వాదన సరైనదేనని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. దానికి జవాబు కమిటీలోనే చెప్పాల్సింది. విజిటర్లు కూర్చున్న సభలో, సిద్ధంగా లేనివాడిని లేపి పగ తీర్చుకోవడం సోదరభావం అనిపించుకోదు.

లేచాను. వర్షిప్‌ఫుల్ మాస్టర్‌ను సంబోధించాను. ఆ తర్వాత నిన్న మా మధ్య ఉన్న రీజనల్ గ్రాండ్ లాడ్జి (మా ప్రాంతపు లాడ్జిలకు పైసంస్థ) అధికారిని, ఆపైన మాస్టర్ తర్వాతి స్థానాల్లో ఉండే వార్డెన్లను, చివరగా సోదరులందరినీ సంబోధించాలి. మాస్టర్ పేరు పలికి ఊపిరి తీసుకున్నానో లేదో, ఐపీఎం కుర్చీలోంచే, “గ్రాండ్ లాడ్జి ఆఫీసర్ గారిని వదిలేశారు, మళ్లీ మొదలుపెట్టండి” అన్నారు. ఆ అధికారి పేరు నా నాలుక మీదే ఉంది. నేను మొదలుపెట్టకముందే తప్పు చేసినవాడిలా అందరి ముందూ నిలబడ్డాను. వెనక వరసలో ఇద్దరు నవ్వారు. మొదటినుంచి సంబోధించాను. ఈసారి గ్రాండ్ లాడ్జి అధికారి తల ఊపి, చేత్తో కొనసాగించమని సైగ చేశారు. ఆ సైగ లేకపోతే ఏమయ్యేదో చెప్పలేను.

తెలుగులో రెండు వాక్యాలు మాట్లాడాను. మళ్లీ అటునుంచే, “విజిటర్లున్నారు, ఇంగ్లీషులో కానివ్వండి” అని వినిపించింది. క్రతువు ఇంగ్లీషులో జరగాలి, అది సరే. కాని ప్రసంగం ఇంగ్లీషులోనే ఉండాలన్న నియమం ఏదీ లేదు. అయినా అలవాటుకొద్దీ ఇంగ్లీషుకు మారాను, మారిన క్షణంలోనే పట్టుకున్న ఆలోచన చేయి వదిలిపోయింది. వాక్యం సగంలో ఆగింది. ఎండిన బావిలో చేద వేసి లాగుతున్నట్టుంది, ఎంత లాగినా పైకి ఏమీ రావడం లేదు. ఎదురుగా గోడవారన కూర్చున్న నలభై యాభైమంది కళ్లు నా మీదే ఉన్నాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, ముఖం వేడెక్కింది. పైగా అటునుంచి గడియారం వైపు చూస్తున్న ఒక చూపు. ఇంత వయసు వచ్చి, ఉద్యోగంలో వందలమంది ముందు మాట్లాడినవాడిని, ఆ నిశ్శబ్దంలో మాట మింగి నిలబడవలసివచ్చింది.

అప్పుడు మాస్టర్ ఎదుటి పీఠం మీద నా చూపు నిలిచింది. మా లాడ్జిలో భగవద్గీత, ఖురాన్, బైబిల్ పక్కపక్కనే తెరచి ఉంటాయి. వాటిమీద మూలమట్టం, కంపాసు ఉంటాయి. ఏ మతం మనిషి చేరితే ఆ మత గ్రంథం మీదనే ప్రమాణం చేయిస్తారు. నిత్యం చూసే ఆ పీఠాన్నే నిన్న కొత్తగా చూశాను. “వర్షిప్‌ఫుల్ మాస్టర్, నేను తెలుగులోనే మాట్లాడతాను, అనుమతించండి” అన్నాను. హైదరాబాద్ గోషామహల్ నుంచి వచ్చిన ఒక వృద్ధ సోదరుడి వైపు మాస్టర్ చూశారు. ఆయన లేచి, “నాకూ తెలుగే హాయి” అని కూర్చున్నారు. అక్కడినుంచి మాట ఆగలేదు.

ఆ గ్రంథాలు పక్కపక్కన చేరడానికి ఎంత కాలం పట్టిందో చెప్పాను. కలకత్తా ఫోర్ట్ విలియంలో 1730 నాటికే లాడ్జి ఏర్పడింది, మద్రాసుకు 1752లో వచ్చింది. అవి ఆంగ్లేయులు తమకోసం పెట్టుకున్నవి. ఆర్కాటు నవాబు కుమారుడు ఉమ్దత్ ఉల్ ఉమరాను ఆ 18వ శతాబ్దంలోనే తిరుచిరాపల్లిలో చేర్చుకున్నారు. బొంబాయిలో 1843లో భారతీయుల కోసమే రైజింగ్ స్టార్ ఆఫ్ వెస్టర్న్ ఇండియా అనే లాడ్జి ఏర్పడితే పార్సీలు ముందుకొచ్చారు. ముస్లిములూ పార్సీలూ దేవుడొక్కడేనని నమ్ముతారు కాబట్టి వారి విషయంలో పేచీ తక్కువ. ఫ్రీమేసన్రీలో చేరడానికి విశ్వనిర్మాత అయిన ఒక పరమాత్మ ఉన్నాడని నమ్మాలి. హిందువులకు దేవుళ్లెందరో, వారి ప్రమాణం ఎలా చెల్లుతుందన్నది ఆనాటి కొందరు పెద్దల అభ్యంతరం.

ఆ అభ్యంతరాన్ని ఎదుర్కొన్నవాడు ప్రసన్నకుమార్ దత్తు అనే బెంగాలీ. 1863లో దరఖాస్తు పెట్టాడు. బెంగాల్ అధికారులు అడ్డుపడ్డారు. ఆయన విడిచిపెట్టలేదు, లండన్ దాకా తీసుకెళ్లాడు. తొమ్మిదేళ్ల తర్వాత, 1872లో, కలకత్తాలో ఆయనకు తలుపు తెరుచుకుంది. ఆ తలుపులోంచే పన్నెండేళ్లకు, 1884లో, నరేంద్రనాథ్ దత్తు అనే యువకుడు కలకత్తాలోని యాంకర్ అండ్ హోప్ లాడ్జిలో చేరాడు. తర్వాత లోకమంతా ఆయన్ను స్వామి వివేకానంద అంది. ఈ మాట చెప్పినప్పుడు, ఇందాక నవ్విన వెనక వరసవాళ్లు ముందుకు వంగి వినడం చూశాను.

ఇంకొకటి నాకు లేచి నిలబడ్డాకే స్ఫురించింది. ప్రసన్నకుమార్ దత్తు ప్రవేశించిన ఆ 1872లోనే, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పాలనలో, గోషామహల్ బారాదరీ హైదరాబాదు మేసన్ల చేతికి వచ్చింది. కుతుబ్‌షాహీల్లో ఆఖరివాడైన అబుల్ హసన్ తానీషా కట్టించిన భవనం అది. కలకత్తాలో ఒక హిందువు తొమ్మిదేళ్లు వేచి తలుపు తీయించుకున్న ఏడాదే, ఇక్కడ ముస్లిం పాలకుడి రాజ్యంలో తానీషా మండపం అన్ని మతాలవారూ కలిసి కూర్చునే చోటయింది. ఇది ఏ పుస్తకంలోనూ ఒకచోట చదివింది కాదు. రెండు వేర్వేరు చోట్ల తెలిసిన సంగతులు నిన్న నా నోట కలిశాయి. నాకెంతో గర్వంగా ఉంది. 1961 నవంబర్ 24న ఢిల్లీలో గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా ఏర్పడి, మనం ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు లాడ్జిల పేర్ల కింద కాక మన పేరుతో కూర్చోవడం మొదలైంది. అంత కష్టపడి పక్కపక్కన చేర్చుకున్న గ్రంథాల ముందు కూర్చున్న మనం, పక్కనున్న సోదరుణ్ణి ఎలా చూసుకుంటున్నామో మనల్ని మనమే అడగాలని చెప్పి, మాస్టర్‌కు వందనం చెప్పి కూర్చున్నాను.

ఫెస్టివ్ బోర్డ్, అంటే సమావేశం తర్వాతి విందు, దగ్గర గోషామహల్ సోదరుడు నా పక్కకు వచ్చి కూర్చున్నారు. “మా బారాదరీ గురించి మా ఊళ్లోనే ఇలా చెప్పినవారు తక్కువ బాబూ, వచ్చి మా వాళ్లకూ వినిపించు” అన్నారు. గ్రాండ్ లాడ్జి అధికారి తన టోస్టు జవాబులో నా ప్రసంగాన్ని ప్రస్తావించారు. ఐపీఎం మాత్రం చేయి కలిపి, “చూశారా, నేను లేపబట్టే కదా ఇంత బయటపడింది” అన్నారు. నేను జవాబు చెప్పలేదు. ఒకరికి ఈత వస్తే, చెప్పకుండా నీళ్లలోకి నెట్టినవాడి తప్పు ఒప్పయిపోదు.

ఇలాంటి సమయం వచ్చినప్పుడు నాకు పనికివచ్చింది చెప్తాను. మీరు ఏ లాడ్జికి వెళ్లినా, కూర్చోగానే ఆ సభలో ఎవరెవరు ఏ హోదాలో ఉన్నారో సెక్రటరీని అడిగి వరస తెలుసుకోండి. సంబోధనలో మిమ్మల్ని ఆపాలని చూసేవారికి సందు దొరకకుండా పోతుంది. లేచాక ఎక్కడెక్కడో వెతక్కండి, కళ్లముందున్న వస్తువునొకదాన్ని పట్టుకోండి. లాడ్జి గదిలో కథ లేని వస్తువు లేదు. ఏ భాషలో కల గంటారో ఆ భాషలో మాట్లాడటానికి మాస్టర్ దగ్గర అనుమతి అడగండి, అడిగితే ఇవ్వని మాస్టర్‌ను నేను చూడలేదు. “నేను సిద్ధపడి రాలేదు” అని మొదలుపెట్టి అరగంట మాట్లాడే పాస్ట్ మాస్టర్లను ఆదర్శంగా పెట్టుకోవద్దు. ఒక విషయం చెప్పి కూర్చుంటే చాలు.

లేపేవారికి కూడా ఒక మాట. ఆశువుగా మాట్లాడించడం మంచి సంప్రదాయమే, దానివల్లే కొత్తవాళ్లు ఎదుగుతారు. అయితే లేపినప్పుడు విషయం చెప్పాలి, మాట్లాడేటప్పుడు మధ్యలో తగలకూడదు, తడబడితే మాస్టర్ ఒక్క మాట అందించాలి. మాట అందించేందుకే ఐపీఎం కుర్చీ అక్కడుంది. పాత పగ తీర్చుకోవడానికి ఆ కుర్చీని వాడుకునేవారిని, వారు ఎంత పెద్దవారైనా, లాడ్జి మందలించాలి. కొత్తగా చేరిన పిల్లవాడెవడైనా నిన్న నా స్థానంలో నిలబడి ఉంటే మళ్లీ లాడ్జి మెట్లెక్కేవాడు కాడు.

ఈ ఉదయం సెక్రటరీకి ఫోను చేసి రెండు కోరికలు అడిగాను. నిన్నటి ప్రసంగం విషయం మినిట్స్‌లో నమోదు చేయాలి, ఇకముందు ఎవరిని మాట్లాడమన్నా కనీసం సమావేశం తెరిచేముందు వారికి కబురు అందాలి. మొదటిదానికి వెంటనే ఒప్పుకున్నారు. రెండోది మాస్టర్‌తో మాట్లాడి కమిటీలో పెడతానన్నారు. ఆ కమిటీలో ఐపీఎం కూడా ఉంటారు, నేనూ ఉంటాను.