ఓఈటీ ఉత్తరం: రోగిని కర్త స్థానంలో నిలపడం నేర్చుకున్నాను

బెంగళూరులో ఒక ఆసుపత్రి సర్జికల్ వార్డులో నర్సుగా పనిచేస్తూనే, ఆరోగ్య రంగంలో ఉన్నవాళ్ల ఇంగ్లీషును పరీక్షించే ఓఈటీకి సిద్ధమయ్యాను. వినడం, చదవడం, మాట్లాడడం డ్యూటీలో రోజూ ఉండేవే కాబట్టి వాటికి పెద్దగా శ్రమ పడలేదు. తీరిక దొరికిన గంటలన్నీ రాతకే వెచ్చించాను.

రాత పరీక్ష 45 నిమిషాలు. మొదటి 5 నిమిషాలు కేసు నోట్సు చదవడానికే. అప్పుడు ఏమీ రాయకూడదు. మిగిలిన 40 నిమిషాల్లో సుమారు 180 నుంచి 200 పదాల ఉత్తరం పూర్తి చేయాలి. నోట్సులో వాక్యాలు ఉండవు, ముక్కలే ఉంటాయి. వాటిని మరో ఆసుపత్రి వాళ్లు చదివి రోగిని చూసుకోగలిగేలా రాయాలి.

మారతహళ్ళిలో నాతో గది పంచుకున్న అనంతపురం అక్క అప్పటికే ఈ పరీక్ష గట్టెక్కింది. "ముందు తెలుగులో చెప్పు" అంది.

"ఆమెను ఆసుపత్రిలో చేర్చారు."

"ఎవరు చేర్చారు?"

"అది ఎవరికి కావాలక్కా? చేరిన సంగతి తెలిస్తే చాలదా?"

"తెలుగులో కర్తను వదిలేసినా నడుస్తుంది. ఇంగ్లీషులో ఆ చోటు ఖాళీగా ఉండకూడదు. అక్కడ ఆమెనే పెట్టు."

షీ వాజ్ అడ్మిటెడ్. కర్మణి ప్రయోగం అవసరం నాకు అప్పుడు స్పష్టమైంది. ఉత్తరమంతా రోగి గురించి. ఇంజెక్షన్ ఇచ్చింది ఏ నర్సో, కట్టు మార్చింది ఎవరో అవతలి వాళ్లకు అక్కర్లేదు. ప్రతి వాక్యమూ రోగితోనో, ఆమె గాయంతోనో మొదలైతే చదివేవాళ్ల చూపు చెదరదు.

అలాగని ప్రతి క్రియకూ వాజ్ తగిలించకూడదు. దీనికి అక్క ఒక పరీక్ష చెప్పింది: క్రియ తర్వాత "ఎవరిని? దేన్ని?" అని అడగాలి. పరీక్షించారు, ఎవరిని? ఆమెను. ఇక్కడ కర్మణి కుదురుతుంది. కుప్పకూలింది, ఎవరిని? ఆ ప్రశ్నే పొసగదు. అందుకే షీ కొలాప్స్‌డ్ అని ఆపాలి, మధ్యలో వాజ్ రాకూడదు. హ్యాపెన్, అకర్ లాంటివీ అంతే.

అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది క్రియా విశేషణాలకే. అవి కూర్చునే చోటును బట్టి అర్థమే మారుతుంది. మందుల గురించి వాజ్ క్లియర్లీ ఎక్స్‌ప్లెయిన్‌డ్ అని రాస్తే రోగికి అర్థమయ్యేలా చెప్పారని. అదే క్లియర్లీ వాక్యం మొదట్లో కామాతో వస్తే, చెప్పారనడంలో సందేహం లేదని మాత్రమే. ఎలా చెప్పారో తెలియదు. ఇంటికి వెళ్లి తనే మాత్రలు వేసుకోవలసిన మనిషి విషయంలో ఇది చిన్న తేడా కాదు.

రెండు సహాయక క్రియలు వచ్చినప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. నెవర్ మొదటిదాని వెంటే వస్తుంది: హాజ్ నెవర్ బీన్ అడ్మిటెడ్. పని తీరు చెప్పే వెల్ మాత్రం అసలు క్రియకు ముందు నిలుస్తుంది: హాజ్ బీన్ వెల్ కంట్రోల్డ్. డైలీ, ట్వైస్ ఎ డే లాంటి వేళల మాటలు చివరికి పోతాయి. డ్యూటీ దిగాక నా వార్డులోని కేసులనే, పేర్లు లేకుండా, ఇలా వాక్యాలుగా మార్చి చూసుకునేదాన్ని.

రాతలో 350 దాటి బి గ్రేడు వచ్చింది. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ రాతకు సి ప్లస్ కూడా అంగీకరిస్తుంది. అయినా నేను బి కోసమే పట్టుబట్టాను. ఒక మనిషి చికిత్స ఆ ఉత్తరం మీదే ముందుకు సాగుతుంది మరి.

ఇప్పుడు మా వార్డులో జూనియర్లు ఇదే పరీక్షకు చదువుతున్నారు. రాసిన ప్రతి క్రియా విశేషణం కింద గీత గీసి, అది ఏ క్రియకు చెందిందో బాణం వేసి చూపించమంటాను. వెరీ, రియల్లీ ఉంటే కొట్టేయిస్తాను. ఇనిషియల్లీ, గ్రాడ్యువల్లీ ఉంటే ఉంచమంటాను. చికిత్స ఏ వరుసలో జరిగిందో, రోగి ఎంత వేగంగా కోలుకుంటోందో అవతలి నర్సుకు చెప్పేవి అవే.