డబ్బులిచ్చి కొన్న పాత గేమ్స్ ఆడుకోడానికి నేను పడ్డ తిప్పలు

మా బ్యాచ్ అంతా సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో పైరేటెడ్ సీడీలు కొనుక్కుని జల్సా చేస్తున్న రోజుల్లో నేనొక్కణ్ణే పాకెట్ మనీ కూడబెట్టి ఒరిజినల్స్ కొనేవాణ్ణి, కొన్నయితే మా బావ డల్లాస్ నుంచి వచ్చినప్పుడు తెచ్చేవాడు. అందరూ పిచ్చోణ్ణి చూసినట్టు చూసేవారు. 2020 లాక్‌డౌన్‌లో అటక సర్దుతుంటే ఆ అట్టపెట్టె దొరికింది, ఏడు గేమ్స్, మాన్యువల్స్‌తో సహా. ఇంకేముంది, పండగే అనుకున్నా.

ల్యాప్‌టాప్‌కి డిస్క్ డ్రైవ్ లేదు కాబట్టి ముందు యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఒకటి తెప్పించా. నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్, 2005 నాటిది, పెట్టా. ఇన్‌స్టాల్ బానే అయింది, ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేస్తే డిస్క్ గిర్రున తిరిగి ఆగిపోతుంది అంతే, ఎర్రర్ లేదు ఏమీ లేదు. నాలుగు సార్లు నొక్కా, డ్రైవ్ పాడయిందేమో అని పాత పాటల సీడీ పెట్టి కూడా చూశా, అది శుభ్రంగా పాడుతోంది.

తర్వాత తెలిసింది ఏంటంటే అప్పటి చాలా గేమ్స్‌లో సేఫ్‌డిస్క్ అని ఒక కాపీ ప్రొటెక్షన్ ఉండేది, డ్రైవ్‌లో ఉన్నది అసలు డిస్కా కాపీయా అని చూడ్డానికి అది విండోస్ లోపల సెక్‌డీఆర్‌వీ అనే డ్రైవర్ మీద ఆధారపడేది. ఆ డ్రైవర్‌లో సెక్యూరిటీ లోపం ఉందని 2015లో మైక్రోసాఫ్ట్ వాళ్ళు విండోస్ విస్టా, 7, 8 లలో అప్‌డేట్‌తో ఆపేశారు, విండోస్ 10లో అయితే అసలు పెట్టనే లేదు. సెక్యూరిటీ పరంగా కరెక్టే, కాదనను. కానీ దొంగ సీడీ కొన్నోడి గేమ్‌లో ఆ చెక్ ముందే పీకేసి ఉంటుంది కాబట్టి వాడిది ఇప్పటికీ ఆడుద్ది, బిల్లు కట్టిన నాది ఆడదు. ఎక్కడ కాలాలో అక్కడే కాలింది.

మా మేనల్లుడు "నో-సీడీ క్రాక్ వేసెయ్ మావయ్యా, రెండు నిమిషాల పని" అన్నాడు, అంటే డిస్క్ చెక్ పీకేసిన దొంగ ఫైలు. మన కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో కొన్న ప్రోగ్రామ్‌కి బ్యాకప్ కాపీ చేసుకోవచ్చని ఉంది, కానీ 2012లో వచ్చిన 65ఏ ప్రకారం కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశంతో ప్రొటెక్షన్ తీస్తే నేరం. నా ఉద్దేశం అది కాదనుకోండి, అయినా నా భయం చట్టం కంటే ఆ క్రాక్‌లు దొరికే సైట్లలో అంటుకునే వైరస్‌ల గురించి, ఆఫీసు పని కూడా అదే ల్యాప్‌టాప్‌లో చేస్తున్నా. అన్నట్టు 2008లో యూబీసాఫ్ట్ వాళ్ళు తమ గేమ్ రెయిన్‌బో సిక్స్ వేగాస్ 2కి ఇచ్చిన ప్యాచ్‌లో (అంటే కంపెనీ ఇచ్చే అప్‌డేట్) రీలోడెడ్ అనే క్రాక్ గ్రూపు ఫైలే దొరికింది, కంపెనీయే వాడేసింది, ఇంకేం చెప్తాం.

సరే, దొడ్డిదారి వద్దనుకుని ఒక్కోదాని సంగతి విడివిడిగా చూశా. స్టార్‌క్రాఫ్ట్‌ది మాత్రం భలే సరదాగా అయింది. 2008 జనవరిలో వచ్చిన 1.15.2 ప్యాచ్ వేశాక సీడీలో ఉన్న ఇన్‌స్టాల్.ఈఎక్స్‌ఈ ఫైలు ఉంది చూడండి, దాన్ని గేమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి స్టార్‌క్రాఫ్ట్.ఎంపీక్యూ అని పేరు మార్చాలి, దాని అదనపు భాగం బ్రూడ్ వార్ సీడీలోది బ్రూడ్‌వార్.ఎంపీక్యూ, అంతే, ఇంక సీడీ అడగదు. ఇన్‌స్టాలర్ అనుకున్న ఫైలు కడుపులోనే గేమ్ డేటా అంతా ఉందన్నమాట! పేరు మార్చి నొక్కగానే ఆ పాత మెనూ వచ్చేసరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డా. 2017 నుంచి ఆ పాత గేమ్‌ని ఫ్రీగానే ఇచ్చేస్తున్నారని తర్వాత తెలిసిందిలెండి, అయినా నా సీడీతో ఆడించిన తృప్తి వేరు.

సివిలైజేషన్ 4 మధ్యాహ్నమంతా తినేసింది. ఇన్‌స్టాల్ మధ్యలో ఎంఎస్‌ఎక్స్‌ఎంఎల్ 4.0 (గేమ్‌కి కావాల్సిన మైక్రోసాఫ్ట్ వాళ్ళ సాఫ్ట్‌వేర్ ముక్క) ఫెయిల్ అని ఆగిపోతుంది, ఆ ముక్క విడిగా ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ మొదలెడితే గానీ కదల్లేదు. దాని అదనపు భాగం బియాండ్ ద స్వోర్డ్‌కి 3.17 ప్యాచ్ నుంచి డిస్క్ చెక్ తీసేశారు కాబట్టి చివరిదైన 3.19 వేసుకుంటే చాలు. విచర్ మొదటి భాగానికి 1.5 ప్యాచ్, అదీ అంతే.

స్టాకర్‌ది ఇంకో దారి. ప్రొటెక్షన్ లేని గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ స్టోర్ జీఓజీ వాళ్ళ దగ్గర అప్పుడు రీక్లెయిమ్ అని ఒక పేజీ కనబడింది, బాక్స్‌లోని కీ (సీరియల్ నంబర్) కొడితే అదే గేమ్ ప్రొటెక్షన్ లేకుండా మన అకౌంట్‌లోకి వచ్చేసేది, స్టాకర్, మౌంట్ అండ్ బ్లేడ్ లాంటి కొన్నిటికే. నా కీ మాన్యువల్ వెనక స్టిక్కర్ మీద ఉంది, చెమ్మకి అక్షరాలు అలుక్కుపోయి అది బీనో 8నో తెలీదు. ఫోన్ టార్చి పక్క నుంచి వేసి చూస్తూ మూడోసారికి కొట్టా, పట్టింది. ఇన్‌స్టాలర్ ఒక ఈఎక్స్‌ఈ, దాని వెనక బిన్ ఫైళ్ళు. అన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి, వైఫై ఆపేసి, మా ఆవిడ ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేసి చూశా. ఏమీ అడక్కుండా ఓపెన్ అయింది, అదే కదా నాక్కావాల్సింది. (అప్పట్లో జీఓజీ కనెక్ట్ అని, స్టీమ్ అనే ఇంకో ఆన్‌లైన్ స్టోర్‌లో మనం కొన్న కొన్ని గేమ్స్‌ని కూడా ఇలాగే ఇచ్చేవారు, తర్వాత అది ఎత్తేశారు.)

ఇంకో గేమ్ ఉంది, పేరెందుకులే, దాని కంపెనీ సపోర్ట్‌కి బాక్స్, డిస్క్, కీ అన్నీ ఫొటోలు తీసి పంపితే తొమ్మిది రోజులకి "కొన్న బిల్లు పంపండి" అని మెయిల్ పెట్టారు. సీటీసీలో చిత్తు కాగితం మీద రాసిచ్చిన బిల్లు, పద్నాలుగేళ్ళ తర్వాత! వదిలేశా. ప్రిన్స్ ఆఫ్ పర్షియా శాండ్స్ ఆఫ్ టైమ్ మాత్రం జీఓజీలో సేల్ వస్తే రెండున్నర డాలర్లకి మళ్ళీ కొన్నా, ఒకే గేమ్‌కి రెండుసార్లు కట్టడం ఒళ్ళు మండే విషయమే గానీ ఆ డబ్బుకి ఇంకో ఆదివారం తగలేసుకోలేను.

మిగిలింది మోస్ట్ వాంటెడ్. దానికి అలాంటి ప్యాచ్ లేదు, ఏ డిజిటల్ స్టోర్‌లోనూ అమ్మట్లేదు, అందులో అన్నీ నిజం కంపెనీల కార్లు, లైసెన్సులున్న పాటలు, మళ్ళీ అమ్మాలంటే అందరితో ఒప్పందాలు చేసుకోవాలి. దానికి ఒకటే మందు, తెనాలిలో అమ్మ దగ్గరున్న నా పాత విండోస్ ఎక్స్‌పీ డెస్క్‌టాప్, అందులో ఇప్పటికీ ఆ సీడీ పెడితే ఆడుద్ది. నెలకోసారి అమ్మ ఫోన్‌లో "ఒరేయ్, ఆ డబ్బా పాత సామాన్లవాడికి వేసేస్తున్నా" అంటుంది, నేను "ఈ పండక్కి వచ్చి తీసుకెళ్తానమ్మా" అంటా.