చప్పట్ల మధ్య బాపమ్మ గొంతు: ఐదో వారం

బాపమ్మ పాడే బతుకమ్మ పాటల్ని హనుమకొండలో మా ఇంటి వెనక గదిలో రికార్డు చేయడం మొదలుపెట్టి ఐదు వారాలైంది. ఎంగిలిపూల బతుకమ్మ నాటికి పన్నెండు పాటలు పూర్తి చేయాలని నా పట్టుదల. ఇప్పటికి ఏడు అయ్యాయి. అందులో మూడు మళ్లీ మిక్స్ చేయాలి, ఎందుకంటే కంప్రెసర్ (గట్టి శబ్దాల్ని తనంతట తానే తగ్గించే సాధనం) సంగతి నాకు ఈ వారమే సరిగ్గా అర్థమైంది.

మొదటి రెండు వారాల్లో చేసిన తప్పు చిన్నదే కానీ, దానికి రెండు పాటలు పోయాయి. ట్రాక్ మీద కంప్రెసర్ ఉంటే గొంతు ఎంత పెరిగినా శబ్దం పగలదని అనుకున్నాను. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో మనం పెట్టే కంప్రెసర్ దాకా శబ్దం వచ్చేది ఇంటర్‌ఫేస్‌లో (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె) అంకెలుగా మారిన తర్వాతే. పగిలేదేమో అంతకుముందే పగులుతుంది. ఇప్పుడు ఇంటర్‌ఫేస్ గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మోతాదు) బాగా తగ్గించి, ఎంత గట్టి శబ్దమైనా మైనస్ 9 డెసిబెల్స్ దాటకుండా చూసుకుంటున్నాను, సున్నా దాటితే పగులుతుంది. 24 బిట్‌లో తీస్తున్నాం కాబట్టి తక్కువ లెవెల్‌లో తీసినా నష్టం లేదు.

అసలు చిక్కు చప్పట్లతో వచ్చింది. మూడో వారం మిక్స్ హెడ్‌ఫోన్స్‌లో వినిపిస్తే బాపమ్మ మొహం చిన్నబోయింది. "నా పాట తలుపు ఎనక నుంచి వచ్చినట్టుందేంది బిడ్డా?" అంది. నిజమే. మీటర్ చూస్తూ మళ్లీ విన్నాను. ఆమె గొంతు మైనస్ 22 దగ్గర ఉంటే, చప్పట మైనస్ 9 దగ్గర తగులుతోంది. నేను పెట్టిన థ్రెషోల్డ్ (కోత మొదలయ్యే హద్దు) మైనస్ 24, రేషియో (హద్దు దాటిన శబ్దాన్ని ఎన్నో వంతుకు తగ్గించాలో) 4:1, అటాక్ (కోత అందుకోవడానికి పట్టే సమయం) 1 మిల్లీసెకను. చప్పట థ్రెషోల్డ్‌ను 15 డెసిబెల్స్ దాటుతోంది. 4:1లో బయటికొచ్చేది అందులో నాలుగో వంతే, అంటే 11 డెసిబెల్స్‌కు పైగా కోత. ఆ కోత చప్పటతో ఆగదు, అదే క్షణంలో పాడుతున్న గొంతు మీదా పడుతుంది. అంటే కంప్రెసర్ ఆమె పాటను కాదు, ఆమె చేతుల్ని వింటోంది.

చప్పట్లు లేకుండా పాడమని ఒకసారి అడిగాను. "చప్పట్లు కొట్టకుంట పాటెట్లస్తది?" అంది. ప్రయత్నించింది కూడా, రెండో చరణానికే లయ తప్పింది. మళ్లీ అడగలేదు.

ముందు మైకు చోటు మార్చాను. ఇదివరకు ఎదురుగా, కాస్త పైనుంచి ఉండేది. దాని చూపు నోటితో పాటు ఒడిలో ఉన్న చేతుల మీదా పడేది. ఇప్పుడు పక్కనుంచి స్టాండ్ చాపి, గడ్డం కింద జానెడు దూరంలో, నోటి వైపు పైకి చూసేలా పెట్టాను. కార్డియాయిడ్ మైకు వెనక వైపు శబ్దాన్ని తక్కువ పట్టుకుంటుంది, చేతులు ఇప్పుడు దాని వెనక ఉన్నాయి. ఒక్క దీంతోనే చప్పట్లు ఆరు డెసిబెల్స్ దిగాయి. ఏ నాబ్ తిప్పినా ఇంత తేడా రాలేదు.

తర్వాత ఒక కంప్రెసర్ పని రెండింటికి పంచాను. మొదటిది చప్పట్ల కోసమే: థ్రెషోల్డ్ మైనస్ 20, రేషియో 8:1, అటాక్ అర మిల్లీసెకను, రిలీజ్ (కోత వదలడానికి పట్టే సమయం) 50 మిల్లీసెకన్లు. చప్పట పడ్డప్పుడు కోతను చూపే ముల్లు నాలుగు డెసిబెల్స్ కదిలి వెంటనే సున్నాకు రావాలి. ఉత్త గొంతుకే కదిలితే థ్రెషోల్డ్ ఇంకా పైకి జరపాలి. రెండోది గొంతుకు: థ్రెషోల్డ్ మైనస్ 28, రేషియో 2.5:1, అటాక్ 20, కోత మూడు నాలుగు డెసిబెల్స్.

రిలీజ్ దగ్గర ఒక సాయంత్రమంతా పట్టింది. ఈ పాటలో నిమిషానికి 80 చప్పట్లు, అంటే చప్పటకూ చప్పటకూ మధ్య 750 మిల్లీసెకన్లు. రెండో కంప్రెసర్‌లో రిలీజ్ 600 పెడితే గొంతు కోలుకునేలోపే తర్వాతి చప్పట పడుతోంది. 40 పెడితే మాటల మధ్య ఊపిరి ఎగదన్నినట్టు వినిపిస్తోంది. కళ్లు మూసుకుని వింటూ జరిపితే 220 దగ్గర కుదురుకుంది. నెమ్మదిగా సాగే పాటలకు ఇదే అంకె పనికిరాదు, మళ్లీ లెక్కపెట్టుకోవాలి.

1176 అనే పాత కంప్రెసర్ యంత్రం నమూనాలో చేసిన ప్లగిన్ (సాఫ్ట్‌వేర్ రూపం) వాడేవాళ్లకు ఒక మాట. 1967లో వచ్చిన ఆ యంత్రంలో అటాక్ నాబ్ 7 మీద ఉంటే అతి వేగం, 1 మీద ఉంటే నెమ్మది. నేను రెండు రోజులు తిరగేసి వాడాను. పైగా దాని అతి నెమ్మది అటాక్ కూడా 800 మైక్రోసెకన్లే, ఒక మిల్లీసెకను కూడా కాదు. చప్పటను వదిలేసి గొంతును మాత్రమే పట్టుకోమంటే దాని వల్ల కాదు.

కోత వల్ల తగ్గిన శబ్దాన్ని తిరిగి పెంచే మేకప్ గెయిన్ 3 డెసిబెల్స్ పెంచాను. అంతే మేర ఫ్యాన్ చప్పుడూ పెరుగుతుంది, అందుకే పాడేటప్పుడు ఫ్యాన్ కట్టేస్తున్నాం. కంప్రెసర్ తీసి, పెట్టి పోల్చేటప్పుడు రెండు లెవెల్స్ ఒకటే ఉండాలి. లేకపోతే పెద్దగా వినిపించేదే బాగుందనిపిస్తుంది.

నిన్న రాత్రి కొత్త మిక్స్ వినిపించాను. బాపమ్మ ఏమీ అనలేదు, చేతులు కదిపింది, హెడ్‌ఫోన్స్‌లోని చప్పట్లతో కలిపి.

ఇక పిన్నీ, పక్కింటి ఇద్దరు అత్తమ్మలూ కలిసి "ఉయ్యాలో" అందుకునే చోట్లు మిగిలాయి. అక్కడ శబ్దం ఒక్కసారిగా లేస్తుంది. ఆ భాగాల్ని కంప్రెసర్‌కు చేరకముందే చేత్తో ఐదు డెసిబెల్స్ దించి చూస్తాను. ఆదివారం పొద్దున ఐదింటికి, రోడ్డు మీద ఆటోలు మొదలవకముందే కూర్చోవాలని నలుగురూ ఒప్పుకున్నారు.