237 పక్కన 221బి

ముప్ఫై నాలుగేళ్లు పోస్టల్ డిపార్టుమెంటులో చేసినవాణ్ణి. ఏ ఊరెళ్లినా ముందు నా కళ్లు డోర్ నంబర్ల మీదే పడతాయి. లండన్‌లో బేకర్ స్ట్రీట్ స్టేషన్ బయట, కథల్లోని డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ విగ్రహం దగ్గర ఫొటోలయ్యాక, ఆయన పేరిటి మ్యూజియం వైపు నడుస్తూ నంబర్లు చూసుకుంటున్నాను. 237 వచ్చింది. పక్కన 239 ఉండాలి. తలుపు మీద 221బి అని ఉంది. దాని తర్వాత 241.

"తప్పు నంబరు వేశారు" అన్నాను.

"నాన్నా, ఇది నీ బీటు కాదు" అన్నాడు మావాడు.

తప్పేం కాదట. కౌన్సిల్ అనుమతితోనే వేసుకున్నారట. కథల్లో హోమ్స్ అడ్రసు 221బి, బేకర్ స్ట్రీట్. అసలు ఆ కథలు మొదలైన నాటికి ఆ వీధిలో 221 అనే నంబరే లేదు. తర్వాత వీధి నంబర్లు మార్చినప్పుడు అది అబ్బే రోడ్ బిల్డింగ్ సొసైటీ అనే ఇళ్ల అప్పుల సంస్థ (తర్వాత అబ్బే నేషనల్ అయింది) ఆఫీసు వాటాకి వచ్చింది. 1932లో వాళ్లలా దిగారో లేదో, హోమ్స్ పేరున ఉత్తరాలు మొదలు. జవాబులు రాయడానికి ఏకంగా ఒక సెక్రటరీని పెట్టుకున్నారు. 1990లో మ్యూజియం తెరిచాక ఆ ఉత్తరాలు మావంటే మావని ఏళ్ల తరబడి తగువు! మా సబ్ పోస్టాఫీసులో అయితే 'అడ్రసీ లేరు' అని రాసి వెనక్కి పంపేసేవాళ్లం. అంతే.

టికెట్టు ఖరీదు రూపాయల్లోకి మార్చొద్దని మా కోడలు ముందే చెప్పింది. మార్చాను. ఆ డబ్బుతో తెనాలి నుంచి సికింద్రాబాదుకి ఏసీ బండిలో పోయి రావచ్చు.

తలుపు దగ్గర పాతకాలం పోలీసు వేషంలో ఒకతను. గోడకి గుండ్రటి నీలం పలక. గొప్పవాళ్లు ఉన్న ఇళ్లకి ఇక్కడ పెడతారే, అలాంటిదే: హోమ్స్, కన్సల్టింగ్ డిటెక్టివ్, 1881–1904.

"ఏమండీ, ఇంతకీ ఈయన ఉన్నాడా, లేడా?" మా ఆవిడ.

"లేడు."

"మరి ఇంతమంది ఎవరి కోసం?"

లోపల మెట్లు పదిహేడు. కథలో హోమ్స్ స్నేహితుడు వాట్సన్ ఆ మెట్లు వందలసార్లు ఎక్కాడు గానీ ఎన్నున్నాయో చెప్పలేకపోతాడు. అతనికి మోకాళ్లు బాగుండి ఉంటాయి. నాకు ఒక్కసారికే లెక్క గుర్తుండిపోయింది.

పైన వీధి వైపు చిన్న గది. కుర్చీలు, ఫైర్‌ప్లేసు, వయొలిన్. నేను వెతికింది ఫైర్‌ప్లేసు పైనున్న చెక్కని. జవాబు రాయాల్సిన ఉత్తరాలన్నీ హోమ్స్ ఆ చెక్కకి కత్తితో గుచ్చి పెట్టేవాడని కథల్లో ఉంటుంది. పెండింగు ఉత్తరాలకి అంతకంటే మంచి పద్ధతి నా సర్వీసులో చూడలేదు. కాకపోతే ఇన్‌స్పెక్షన్ రోజు కత్తి దాచాలి.

పై అంతస్తుల్లో మైనపు బొమ్మలు. మా ఆవిడకి నచ్చాయి. నేను మాత్రం పాతకాలం గౌను వేసుకున్న అమ్మాయిని పట్టుకుని, ఆయనకి ఇంకా ఉత్తరాలొస్తాయా అని అడిగాను. "ఓ, వస్తాయి" అంది, మా వీధిలో పాలు వస్తాయి అన్నంత మామూలుగా.

మెట్లు దిగుతుంటే మాఘమాసాలు గుర్తొచ్చాయి. ముహూర్తాల రోజుల్లో సంచుల్లో పసుపు రాసిన శుభలేఖలు, పైన 'శ్రీ వేంకటేశ్వరస్వామి వారికి, తిరుమల'. పిన్‌కోడు 517504 చాలామంది రాసేవాళ్లు కాదు, నేనే వేసేవాణ్ణి. వాటి మీద 'అడ్రసీ లేరు' అని రాయాలని ఏ సార్టరుకీ తోచలేదు. కొన్నాళ్లకి కొండ మీంచి అక్షింతలూ, కుంకుమా వచ్చేవి. ఆ కవర్లు కూడా నేనే పంచాను.

షాపులో ఒక పోస్టుకార్డు కొన్నాను. "ఎవరికండీ?" అంది మా ఆవిడ. చెప్పలేదు. నిలబడే రాశాను: 'అయ్యా, మీ ఇంటి నంబరు వరసలో లేదు. బీటు పోస్ట్‌మ్యాన్‌కి ఇబ్బంది.' రోడ్డు మీద ఎర్ర డబ్బా కనిపిస్తే అందులో వేశాను. పిన్‌కోడు మర్చిపోలేదు. ఎన్‌డబ్ల్యూ1 6ఎక్స్ఈ.