సాయంత్రం పూట వచ్చే జ్వరం

2016లో మార్కాపురం వైపు, నల్లమల అంచున పశువైద్యుడిగా పనిచేస్తున్నాను. ఒక రాత్రి ఫోన్ వచ్చింది. "డాక్టరు గారూ, ఎనిమిదో నెలలోనే గేదె ఈసుకుపోయింది. మాయ పడలేదు." ఈసుకుపోవడమంటే నెలలు నిండకుండానే దూడ పడిపోవడం. భుజం దాకా వేసుకునే గ్లౌజులు అయిపోయాయి. గేదె అవస్థ చూసి ఉత్త చేత్తోనే మాయ తీశాను. వేలి మీద చిన్న గీత ఉంది, పట్టించుకోలేదు. గేదె రక్తం మాత్రం పరీక్షకి పంపాను.

మూడు వారాలకి జ్వరం మొదలైంది. పొద్దున మామూలుగానే ఉండేది. సాయంత్రం అయిదు దాటితే వణుకు, తెల్లారేసరికి బనియను తడిసి ముద్దయ్యేది. నడుం మెలిపెట్టినట్టు నొప్పి. టైఫాయిడ్ అన్నారు, మందులు వాడాను, తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. నెలన్నరలో ఎనిమిది కిలోలు తగ్గాను. ఏం జబ్బో తెలియని టెన్షన్ జ్వరం కంటే ఎక్కువ తినేసింది.

చివరికి మా ఆవిడే అడిగింది: "ఆ గేదె రిపోర్టు వచ్చిందా?"

వచ్చింది. బ్రూసెల్లోసిస్, మన రైతులు ఈసుడు రోగం అనేది. ఈసుకుపోయిన గేదె మాయలో, స్రావాల్లో ఆ క్రిములు కుప్పలుగా ఉంటాయని రైతులకి చెప్పేవాణ్ణి నేనే. కానీ నేనేం పని చేస్తానో ఆసుపత్రిలో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. చెప్పిన రోజే సరైన పరీక్ష రాశారు.

డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్, ఆరు వారాలు. మూత్రం నారింజ రంగులో వచ్చేది, కడుపులో తిప్పేది. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుందని తెలుసు కాబట్టి ఒక్క పూటా మానలేదు. జ్వరం రెండో వారానికే పోయింది. నడుం నొప్పి మాత్రం ఆరు నెలలు ఉంది.

మంచం మీద ఉండగా గేదె రైతు చూడటానికొచ్చాడు. చచ్చిన దూడని ఏం చేశావని అడిగితే, "వాగు గట్టున పారేశానండీ" అన్నాడు. ఆ వాగు అడవిలోంచి వస్తుంది. అక్కడ కుక్కలు, నక్కలు, అడవి పందులు తిరుగుతాయి. ఊరి మందలు, కణుజులనే పెద్ద అడవి జింకలు ఒకే మడుగులో నీళ్లు తాగుతాయి. నాకు మందు దొరికింది, వాటికి రోగం సోకిందో లేదో చూసేవాళ్లెవరు? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. కోలుకున్నాక ఉద్యోగానికి సెలవు పెట్టి వన్యప్రాణుల ఆరోగ్యంలో పీజీకి వెళ్లాను. చదువుతుండగానే, 2018లో, గిర్ అడవిలో 20కి పైగా సింహాలు చనిపోయాయి. వాటిలో కొన్నింటిలో కుక్కలకి వచ్చే డిస్టెంపర్ వైరస్ దొరికింది. ఊరి జంతువుకీ అడవి జంతువుకీ మధ్య గోడ లేదని అంత బాధగా ఎప్పుడూ అనిపించలేదు.

ఇప్పుడు నా పని అడవి అంచు ఊళ్ల పశువుల రక్త నమూనాలు, అడవిలో దొరికిన కళేబరాల నమూనాలు పక్కపక్కన పెట్టి చూడటం. ఊరికి వెళితే ముందు పెయ్యదూడల గురించి అడుగుతాను. ఈసుడు రోగం రాకుండా నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో వాటికి ఒక్క టీకా చాలు, 2019 నుంచి ప్రభుత్వమే ఉచితంగా వేయిస్తోంది.

మొన్న ఆ రైతే ఫోన్ చేశాడు. పక్కింటివాళ్ల గేదె ఈసుకుపోయిందట. "లోతుగా గుంట తీయించి సున్నం చల్లి పూడ్పించానండీ. కుక్కలు తవ్వకుండా పైన ముళ్లకంప కూడా వేయించా. ఎవర్నీ ఉత్త చేత్తో ముట్టుకోనివ్వలా."