లెపిడాప్టరస్‌ని ఎక్కడ విరవాలి?

విదేశంలో పెరిగే పిల్లల సైన్సు పాఠంలో లెపిడాప్టరస్ (సీతాకోకచిలుకల వర్గానికి చెందిన) లాంటి మాట తగిలితే ఇంట్లో రెండు ఉచ్చారణలు వినిపిస్తాయి. పెద్దవాళ్లు అన్ని అక్షరాలనూ ఒకే బరువుతో పలుకుతారు, పిల్లలు నవ్వుతారు. నవ్వాల్సినంత తప్పేమీ లేదక్కడ.

గ్రీకులో లెపిస్ అంటే పొలుసు, సమాసంలో లెపిడ్ అవుతుంది. ప్టెరాన్ రెక్క. నడుమ ‘ఓ’ అతుకు. చివరి ‘అస్’ విశేషణ ప్రత్యయం, ఇది లాటిన్ సొత్తు. వెరసి ‘పొలుసుల రెక్కల’ అని. సీతాకోకచిలుకను పట్టుకుంటే వేళ్లకంటే పొడి ఆ పొలుసులే. ప్టెరాన్, ఇంగ్లీషు ఫెదర్, సంస్కృత పతత్రం ఒకే ధాతువు బిడ్డలు. పతత్రి అంటే పక్షి అని తెలిసిన తాతయ్య ఇంట్లో ఉంటే ఈ భాగం ఆయనకే వదిలేయండి.

అర్థానికైతే లెపిడో, ప్టర్, అస్ అని విరవాలి. తెలుగు రాతలో ‘ప్ట’ ఒకే అక్షరం కాబట్టి రెక్క చెక్కుచెదరదు. ఇంగ్లీషు పలుకులో లెప్-ఇ-డాప్-టర్-అస్, ఐదు సిలబుల్స్. ‘ప’ ఒకవైపు, ‘ట’ ఇంకోవైపు పోయి రెక్క విరిగిపోతుంది. హెలికాప్టర్‌దీ ఇదే కథ: అందులో ఉన్నవి హెలికో, ప్టర్, అంటే మెలికా, రెక్కా. మాట మొదట్లోనే ‘ప్ట’ వస్తే, టెరడాక్టిల్‌లో లాగా, ‘ప’ ఇంగ్లీషు రాతలో మాత్రమే మిగులుతుంది.

ఊనికకు, అదే స్ట్రెస్‌కు, మన గురులఘువుల లెక్క పనికొస్తుంది. ‘అస్’తో ముగిసే ఇలాంటి పెద్ద మాటల్లో చివరి నుంచి రెండోది గురువైతే ఊనిక దానిమీద, లఘువైతే దాని ముందుదానిమీద. లెపిడాప్టరస్‌లో ‘ప్ట’ లఘువు, కనుక ‘డా’ మీద. పాలిమార్ఫస్‌లో ‘మా’ గురువు, కనుక అక్కడే. ‘ఇక్’తో ముగిసేవి ఈ లెక్కకు లొంగవు: పారసిటిక్‌లో ఊనిక ‘ఇక్’కు ముందున్న ‘సి’ మీదే.

సాధన వెనకనుంచి: రస్, ప్టరస్, డాప్టరస్, ఆ తర్వాతే లెపి. ‘డా’ దగ్గర చప్పట్లు గట్టిగా. మొదటి ‘లె’ మీద కొంచెం బరువుంటుంది; ‘పి’, ‘ట’ నీరసంగా జారిపోవాలి. మన నాలుక తడబడేది ఈ జారుడు దగ్గరే.

ఇదే అలవాటు తెలుగుకు తగిలితే సీతాకోకచిలుక ‘సితకొకచిల్క’ అవుతుంది. దానికి మందు వేరే: దీర్ఘానికి రెండు దెబ్బలు, హ్రస్వానికి ఒకటి. సీ, తా, కో ఆరు. క, చి, లు, క నాలుగు. పది దెబ్బలూ ఒకే బరువుతో పడాలి.