టీబీ వచ్చిన ఆ ఆరు నెలలు దేవుడు నన్ను నడిపించిన విధం

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. సంఘంలో కొంతమంది, యార్డులో కొంతమంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా, కొంచెం పెద్దగానే ఉంటది, ఓపిగ్గా చదవండి. నాకు ఊపిరితిత్తుల టీబీ వచ్చింది, ఆరు నెలలు మందులు వాడా, దేవుని కృప వల్ల తగ్గింది. ఒక్క ముక్కలో అంతే. కానీ జబ్బుతో మంచం మీద ఉన్నోడు దేవునికి ఇష్టంగా ఎలా బతకాలి అనేది నాకు ఆ రోజుల్లోనే అర్థమైంది, అందుకే రాస్తున్నా.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాని. యార్డు సంగతి తెలిసినోళ్ళకి చెప్పక్కర్లేదు, సీజన్లో గేటు దాటగానే దగ్గు మొదలయ్యిద్ది, కొత్తోళ్ళకైతే తుమ్ములు, కళ్ళల్లో నీళ్ళు, మేము మాత్రం మూతికి తువ్వాలు చుట్టుకుని కాటా దగ్గర నిలబడి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లెక్క రాసుకుంటా ఉంటాం. అందుకే మా దగ్గర ఎవరన్నా దగ్గితే ఘాటు అంటారు, ఇంక దాని గురించి మాట్లాడరు. నాకు 2024 క్రిస్మస్ ముందు మొదలైంది. సిరప్ తాగా, ఒక ప్రైవేట్ డాక్టర్ గారు యాంటీబయాటిక్స్ రాస్తే అవీ వాడా. సాయంత్రం అయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది, రాత్రి చెమటలకి దిండు తడిసిపోయేది, అన్నం సయించేది కాదు, బెల్టుకి మేకుతో కొత్త కన్నం పెట్టుకోవాల్సి వచ్చింది. సంక్రాంతి అయిపోయాక ఒకరోజు కాటా దగ్గరే గట్టిగా దగ్గొచ్చి ఖర్చీఫ్ అడ్డం పెట్టుకున్నా, తీసి చూస్తే ఎర్రగా ఉంది, మిరపకాయ పొట్టు అంటుకుందేమో అని వేలితో దులిపా, రాలలేదు, తడిగా ఉంది.

ఆ రాత్రి మా ఆవిడకి చూపించా. తను ఏడవలేదు, "ఏవండీ రేపు కొట్టుకి వెళ్ళొద్దు, గవర్నమెంట్ ఆసుపత్రికి పోదాం" అంది. అక్కడ చిన్న డబ్బా ఇచ్చి బయట గాలి తగిలే చోట నిలబడి లోపల్నుంచి కఫం తెమ్మన్నారు, మెషీన్‌లో పెట్టే పరీక్ష, సీబీనాట్ అంటారు, టీబీ ఉందా లేదా అనేదే కాకుండా రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకి లొంగిద్దో లేదో కూడా రెండు గంటల్లో చెప్పేసిద్ది. పాజిటివ్ అన్నారు, మందుకి లొంగే రకమే అన్నారు. దానితో పాటు షుగర్, హెచ్ఐవీ టెస్టులు కూడా అందరికీ చేస్తారు. ఆ రెండో టెస్టు రిజల్ట్ కోసం బెంచీ మీద కూర్చున్నప్పుడు మా ఆవిడ నా చెయ్యి పట్టుకునే ఉంది, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నెగెటివ్ వచ్చింది. ఆ బెంచీ మీద తను నా మీద పెట్టుకున్న నమ్మకానికి నేను దేవునికి ఇప్పటికీ రోజూ స్తోత్రం చెప్తా.

ఇంటికొచ్చాక అసలు పరీక్ష మొదలైంది. మా మరదలికి సంబంధాలు చూస్తున్నారు అప్పుడు. మా బావమరిది మంచోడే, ప్రేమతోనే అన్నాడు, "బావా, న్యుమోనియా అని చెప్పు, టీబీ అని బయట పడితే మన ఇంటికి ఎవరూ రారు" అని. అతను అన్నది అబద్ధం కాదు, మనూళ్ళల్లో క్షయ అంటే గ్లాసు వేరు పెడతారు, పిల్లల్ని ఆడుకోనివ్వరు, ఆడపిల్లలైతే కాపురాలే పోయినై. రాత్రంతా ఆలోచించాం ఇద్దరం, ప్రార్ధన చేసుకున్నాం. నేను దగ్గుతా కాటా దగ్గర ఎంతమంది మధ్య నిలబడ్డా, హమాలీలు, రైతులు, పక్క కొట్ల గుమస్తాలు, వాళ్ళకి చెప్పకపోతే వాళ్ళల్లో ఎవరికన్నా ఉంటే ఘాటు అనుకునే ఉండిపోతారు కదా. పొరుగువాణ్ణి ప్రేమించమని ప్రభువు చెప్పిన మాట నాకు ఆ రాత్రి కాటా దగ్గర నిలబడే మనుషుల రూపంలో కనపడింది. పొద్దున్నే షావుకారు గారికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పేసా. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఏమయ్యా, రెండు నెలలు ఇంటిపట్టున ఉండు, సగం జీతం ఇస్తా, సీజన్ కదా ఇంకో మనిషిని పెట్టుకోవాలి" అన్నారు. సగం జీతం అంటే మాకు కష్టమే, చీటీ ఆపేశాం, మా ఆవిడ గాజులు తాకట్టుకి వెళ్ళినై. అయినా ఆ ఫోన్ పెట్టేశాక నాకు గుండెల మీద బరువు దిగినట్టైంది.

మరదలి సంబంధం ఒకటి వెనక్కి పోయింది. మా వల్లే. ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు.

మందుల సంగతి చెప్పాలి. బరువుని బట్టి ఇస్తారు, నేను అప్పుడు 47 కిలోలు ఉన్నా కాబట్టి రోజుకి మూడు మాత్రలు, పరగడుపున. ఒక్కో మాత్రలో నాలుగు మందులు ఉంటాయి, రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. మొదటి రెండు నెలలు నాలుగూ, ఆ తర్వాత నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మిగతా మూడు. మూత్రం నారింజ రంగులో వచ్చిద్ది, కంగారు పడొద్దు, అది రిఫాంపిసిన్ రంగే. కడుపులో తిప్పేది, కీళ్ళు పట్టేసేవి, అరికాళ్ళు తిమ్మిర్లు ఎక్కితే విటమిన్ బీ6 మాత్ర ఇచ్చారు. మందులన్నీ ఉచితమే, తిండికని గవర్నమెంట్ వాళ్ళు నెలకి 1000 రూపాయల లెక్కన అకౌంట్లో వేస్తారు, 2024 నవంబర్‌కి ముందు 500 ఉండేది.

ఇంట్లో అందరికీ పరీక్ష చేశారు, దేవుని దయ వల్ల ఎవరికీ లేదు, కానీ మా బాబుకి నాలుగేళ్ళు, ఐదేళ్ళ లోపు పిల్లలకి రాకుండా ముందుజాగ్రత్తగా మందు వేస్తారంట, వాడికీ రోజూ ఒకటి ఇచ్చారు. పొద్దున్నే నేను కిటికీ పక్కన మాస్క్ తీసి మాత్రలు వేసుకునేటప్పుడు వాడు గుమ్మం అవతల వాళ్ళ నాయనమ్మ ఒళ్ళో కూర్చుని వాడి మాత్ర చూపించి "నాన్నా నాది చిట్టిది, నీయి పెద్దయి" అనేవాడు, ఇద్దరం ఒకేసారి మింగేవాళ్ళం. వాణ్ణి దగ్గరకి తీసుకోలేకపోవడం అన్నిటికంటే కష్టం. రాత్రి కుటుంబ ప్రార్ధన హాల్లో జరిగేది, నా గది తలుపు తీసి ఉంచేవాళ్ళు, వాళ్ళు పాడుతుంటే నేను పెదాలు మాత్రం కదిపేవాణ్ణి, పాడితే దగ్గొచ్చేది. కొన్ని రోజులు ప్రార్ధన మాటలే వచ్చేవి కావు. అప్పుడు మాత్రలు చేతిలో పెట్టుకుని "ప్రభువా, ఇదే ఈ రోజు నా ప్రార్ధన" అని మింగేసేవాణ్ణి. కొంచెంలో నమ్మకంగా ఉండటం అని ఎన్ని ప్రసంగాల్లో విన్నానో, ఆ కొంచెం ఇదేనని నాకు అక్కడ తెలిసింది. వాంతి వచ్చేటట్టు ఉన్నా వేసుకోవడం, ఇంట్లో వాళ్ళ మీద విసుక్కోకుండా ఉండటం, మాస్క్ ఉక్కపోసినా తియ్యకపోవడం. మంచం మీద ఉన్నోడు చెయ్యగలిగిన సేవ అదే.

మా సంఘంలో ప్రభు భోజన సంస్కారానికి, రొట్టె, ద్రాక్షరసం తీసుకునేటప్పుడు, అందరికీ ఒకటే గిన్నె. పాస్టర్ అయ్యగారికి ముందే చెప్పా, నేను రాను, గిన్నె ముట్టను అని. ఆయన ఆ ఆదివారం ఆరాధన అయ్యాక నేరుగా మా ఇంటికి వచ్చారు, వరండాలో కుర్చీ వేసుకుని, విడిగా చిన్న గ్లాసులో ద్రాక్షరసం, రొట్టె ఇచ్చి, నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్ధన చేశారు. చెయ్యి పెట్టారు అని ఎందుకు రాస్తున్నానంటే, అప్పటికి చాలా రోజులైంది బయట మనిషి నన్ను ముట్టుకుని.

మార్చిలో భస్మ బుధవారం వచ్చింది, ఈస్టర్ ముందు ఉపవాసాలు ఉండే శ్రమ దినాలు మొదలు. మా అమ్మ నలభై రోజులూ ఒంటిపూట ఉంటది, నేనూ పెళ్ళికి ముందు నుంచీ ఉపవాసాలు ఉంటా. ఈసారి డాక్టరమ్మ రోజుకి రెండు గుడ్లు, పప్పు, పాలు, కుదిరితే మాంసం తినమంది, బరువు పెరక్కపోతే మందు కూడా సరిగ్గా పనిచెయ్యదు అంది. అందరూ ఉపవాసం ఉండే రోజుల్లో పల్లెం నిండా తినడం నాకు ఎట్టాగో అనిపించింది. అప్పుడు మా అమ్మే బైబిల్లో ఏలీయా ప్రవక్త సంగతి చెప్పింది. బదరీ చెట్టు కింద పడుకుని నా ప్రాణం తీసుకో దేవా అన్నాడు కదా ఏలీయా, దేవుడు ఆయనకి ముందు ప్రసంగం చెప్పలేదు, దూతని పంపి రొట్టె, నీళ్ళు పెట్టించి లేపి తినమన్నాడు, మళ్ళీ పడుకుంటే మళ్ళీ లేపి తినమన్నాడు. "అబ్బాయ్, నా ఉపవాసం నేనుంటా, నువ్వు తినడమే నీ ఉపవాసం" అంది. స్త్రీల సమాజం వాళ్ళు వంతులేసుకుని గుడ్లు, రాగిజావ పంపేవాళ్ళు. ఆ నెల కిలోన్నర పెరిగా.

అదే టైంలో బయట ఊరి నుంచి వచ్చిన ఒక దైవసేవకుడు, వాక్యం చెప్పేటాయన, ఇంటికొచ్చి నూనె రాసి ప్రార్ధన చేసి, "స్వస్థత అయిపోయింది బ్రదర్, ఇంక మాత్రలు మింగితే అవిశ్వాసం" అన్నాడు. పేరు రాయను, ఆయన ప్రార్ధనని నేను తక్కువ చెయ్యను. కానీ మందులు ఆపలేదు. మందు పెట్టిన కొన్ని వారాలకే జ్వరం, దగ్గు తగ్గిపోతాయి, అక్కడే చాలామంది ఆపేస్తారు, లోపల నిద్రపోతున్నట్టు ఉండే క్రిములు మిగిలిపోతాయి, అవి మళ్ళీ లేచి మందులకి లొంగని రకం అయితే అప్పుడు వైద్యం ఇంకా కష్టం, ఇంకొకళ్ళకి అంటిస్తే వాళ్ళకీ అదే మొండి రకం అంటిద్ది. అది విశ్వాసం ఎట్టా అయిద్ది? బైబిల్లో హిజ్కియా రాజుకి పదిహేనేళ్ళ ఆయుష్షు పెంచుతానని దేవుడే మాట ఇచ్చాక కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. పౌలు శిష్యుడు తిమోతికి తరచూ ఒంట్లో బాగుండేది కాదు, అపొస్తలుడు పౌలు అతని కడుపు కోసం ఏం తీసుకోవాలో ఉత్తరంలో రాశాడు. తనతో తిరిగిన త్రోఫిముని జబ్బుతోనే మిలేతులో వదిలి వచ్చానని కూడా రాశాడు. వీళ్ళెవరికీ విశ్వాసం లేదని ఆయన ఎక్కడా అనలేదు.

మా తాతయ్య సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఆయనకీ క్షయ వస్తే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో నెలల తరబడి ఉంచారంట, మా అమ్మ ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఆ ఆసుపత్రిని కొన్ని క్రైస్తవ మిషన్ల వాళ్ళు కలిసి పెట్టారు, 1915లో మొదలైంది, డెన్మార్క్ నుంచి వచ్చిన ఫ్రిమోట్ మోలర్ అనే డాక్టర్ గారు నడిపించారు. అప్పటికి టీబీకి మందే లేదు, స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నదే 1943లో, అంతవరకూ మంచి గాలి, విశ్రాంతి, తిండి, ఇవే వైద్యం. మందు లేని రోజుల్లోనే రోగుల మధ్యకి వచ్చి ఉన్నారు వాళ్ళు. మా గుంటూరులో 1883లో అడుగుపెట్టిన మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ అమ్మగారు కూడా అంతే, ప్రార్ధనా చేసింది, స్టెతస్కోపూ పట్టుకుంది. వాళ్ళ నుంచి సువార్త అందుకున్న మనం మందు మింగితే పాపం అంటే ఎట్టా?

రెండు నెలలకి కఫం పరీక్ష నెగెటివ్ వచ్చింది. ఈస్టర్ ఆరాధనకి గుడికి వెళ్ళా, బాబుని భుజం మీద కూర్చోబెట్టుకుని. జూలై ఆఖరుకి కోర్సు అయిపోయింది, ఇప్పుడు 56 కిలోలు ఉన్నా, మెట్లెక్కితే ఇంకా కొంచెం ఆయాసం, ఊపిరితిత్తిలో మచ్చ ఉంటది అన్నారు. కొట్లో షావుకారు గారు మళ్ళీ నా కుర్చీ నాకిచ్చారు. గాజులు ఇంకా విడిపించలేదు.

సంఘంలో సాక్ష్యం చెప్పమంటే దేవుడు ముట్టాడు అనీ చెప్పా, మాత్రల పేర్లూ చెప్పా, ఆశా వర్కర్ అమ్మాయి ఎండలో వచ్చి మందు వేసుకున్నారా అన్నా అని అడిగిన సంగతీ చెప్పా. అన్నీ ఆయన చేతిలోవే కదా.

ఇంకొక్క మాట. నేను ఫోన్ చేసి షావుకారు గారికి చెప్పిన సంగతి యార్డంతా తెలిసింది కదా, అది విని మా కాటాలో మూటలు మోసే ఒక హమాలీ, నాలాగే ఎప్పట్నుంచో దగ్గుతున్నోడు, "గుమస్తా గారూ నేనూ చూపించుకుంటా, తోడు రండి" అన్నాడు. వెళ్ళాం, పాజిటివ్. ఇప్పుడు మందుల్లో ఉన్నాడు, పని మానేస్తే ఇల్లు గడవదని మందులు మానేయాలని చూస్తున్నాడు, రోజూ పొద్దున్నే వాళ్ళ ఇంటికి వెళ్ళి మాత్రలు నా ఎదురుగా వేయించి వస్తున్నా. అతను మన విశ్వాసం వాడు కాదు, ప్రార్ధన చేస్తా అంటే సరే అంటాడు. వచ్చే నెల కఫం పరీక్ష. మీ కుటుంబ ప్రార్ధనల్లో గుర్తుపెట్టుకోండి, పేరు చెప్పకపోయినా దేవునికి తెలుసు. అట్టాగే మీలో ఎవరికన్నా రెండు వారాలు మించి దగ్గు ఉంటే పరీక్ష చేయించుకోండి, ఉచితం, ఏమన్నా అడగాలంటే 1800116666 నంబర్‌కి ఫోన్ చెయ్యొచ్చు, గవర్నమెంట్ వాళ్ళదే.